ఏవ్‌బరీ రాళ్లు, చర్చి, పబ్: పెద్దవాళ్లతో ఒక్క రోజులో చూడొచ్చా?

అందరికీ నమస్కారం. మేం ఇంగ్లండ్‌లోని స్విండన్‌లో ఉంటున్నాం. వచ్చే నెల అమ్మానాన్నలు వస్తున్నారు. నారాయణపేట జిల్లా ముడుమాల్‌లో నిలువురాళ్లు చూసినప్పటి నుంచి నాన్నగారికి ఇలాంటి చోట్లంటే ప్రాణం. అందుకే విల్ట్‌షైర్‌లో పురాతన నిలువురాళ్ల వలయం ఉన్న ఏవ్‌బరీ ఊరికి తీసుకెళ్దామనుకుంటున్నాను. ఇలాంటిదే అయిన స్టోన్‌హెంజ్‌లో రాళ్లను మామూలుగా దూరం నుంచే చూడాలి, ఏవ్‌బరీలో అయితే చేత్తో తాకొచ్చు. ఊళ్లో కొంత భాగం ఆ రాతి వలయంలోనే ఉంది!

నాన్నగారికి మోకాళ్ల నొప్పులు, నా టెన్షన్ అంతా అదే. చుట్టూ ఉన్న మట్టికట్ట ఎక్కకుండా, లోపలి గడ్డిలోనే నడుస్తూ చాలావరకు చూడొచ్చా? వాన పడితే బాగా జారుతుందా? దగ్గర్లోని సిల్బరీ హిల్ ఎక్కనివ్వరని తెలుసు. క్రీ.పూ. 2400 ప్రాంతంలో మనుషులు పోసిన ఆ 30 మీటర్ల గుట్టను కింద నుంచి చూపిస్తే చాలు. అక్కడికి దగ్గర్లోనే ఉన్న వెస్ట్ కెన్నెట్ అనే పురాతన సమాధికి మాత్రం పొలాల మీదుగా ఎత్తు ఎక్కాలి. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లను అక్కడికి తీసుకెళ్లినవాళ్లు ఎవరైనా ఉంటే దయచేసి చెప్పండి.

ఏవ్‌బరీలోని సెయింట్ జేమ్స్ చర్చి సాక్సన్ల కాలం (1066కు ముందు) నాటిది. అందులో ఆ తర్వాతి నార్మన్ కాలపు బాప్టిజం తొట్టి మీది చెక్కడాలు నాన్నగారు తప్పక చూడాలని నా కోరిక. వారం మధ్యలో తెరిచి ఉంటుందా?

భోజనం రెడ్ లయన్ పబ్‌లో అనుకుంటున్నాం, అది కూడా వలయం లోపలే ఉంది. కానీ అమ్మ గుడ్డు కూడా ముట్టదు. అక్కడ ఆవిడ తినగలిగేవి దొరుకుతాయా, లేక పులిహోర కట్టుకెళ్లడం మేలా?