నవ్వించే బొమ్మకు డబ్బు పెట్టి ప్రచారం చేయించడం సమంజసమేనా?

చర్చ మొదలుపెట్టినవారు: ఉగ్గాని అంగడి, కర్నూలు

మాది కర్నూలులో ఉదయం పూట ఉగ్గాని, మిరపకాయ బజ్జీ అమ్మే చిన్న అంగడి. మా తమ్ముడు ఒక మీమ్ తయారు చేశాడు. అందులో ఒక సినీ హాస్యనటుడు బిక్కమొహం వేసుకుని చూస్తుంటాడు, కింద "బజ్జీ లేకుండా ఉగ్గాని పెడితే ఇక్కడ సుమోలు లేస్తాయి" అని రాసి ఉంటుంది. దీన్ని ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్‌లలో రోజుకు 200 రూపాయల చొప్పున 5 రోజులు ప్రమోట్ చేయాలని వాడి ఆలోచన. 18 శాతం జీఎస్టీ కలిపితే 1,180 రూపాయలు అవుతుంది. నవ్వు తనంతట తాను నలుగురి నోటా పాకాలే తప్ప డబ్బిచ్చి పాకించకూడదని మా నాన్నగారు అంటున్నారు. పెద్దలు మీ అభిప్రాయం చెప్పగలరు.

డిజిటల్ మార్కెటింగ్ ఉద్యోగి, కడప

మీ తమ్ముడి మాటే సరైనదని నా అభిప్రాయం. పేజీలో ఊరికే పెట్టిన పోస్టు ఆ పేజీని అనుసరించేవారిలో కూడా కొద్దిమందికే కనబడుతుంది కాబట్టి, చిన్న అంగడికి మొదటి ఊపు డబ్బుతోనే రావాలి. కరపత్రాలు పంచేవారికి కూలి ఇస్తే తప్పుపట్టని మనం దీన్ని మాత్రం ఎందుకు తప్పుపట్టాలి? సుమోల జోకు రాష్ట్రమంతా తెలిసినదే కనుక చూడగానే అర్థమవుతుంది, షేర్లు కూడా బాగా వస్తాయి.

అధ్యాపకురాలు, అనంతపురం

డబ్బు పెట్టడం తప్పని నేనూ అనను. అయితే డబ్బు పెట్టిన మరుక్షణం ఆ నవ్వుకు పూచీదారు ఒకరు ఏర్పడతారన్న సంగతి కడప మిత్రులు పట్టించుకోలేదు. స్నేహితులు వాట్సాప్‌లో పంపుకున్న బొమ్మను నచ్చనివారు చూసీ చూడనట్టు వదిలేస్తారు. అదే బొమ్మ "స్పాన్సర్డ్" అన్న ముద్రతో, అడగనివారి ఫోనులోకి, మీ అంగడి పేరుతో వెళ్లినప్పుడు అది మీరు అందరి ఎదుటా నిలబడి చెప్పిన మాటే అవుతుంది.

ఆ దృష్టితో చూస్తే ఈ బొమ్మలో రెండు చిక్కులున్నాయి. మొదటిది ఆ నటుడి ముఖం. 1957 నాటి కాపీరైట్ చట్టంలోని 52వ సెక్షన్ విమర్శకు, సమీక్షకు, సొంత వాడకానికి కొంత వెసులుబాటు ఇస్తుంది గానీ, సినిమాలోని దృశ్యాన్ని తీసుకుని సరుకు అమ్ముకోవడానికి అది అండగా నిలవడం కష్టం. అనుమతి లేకుండా తన పేరును, రూపాన్ని, గొంతును వ్యాపారానికి వాడుకుంటున్నారని నటుడు అనిల్ కపూర్ వేసిన దావాలో ఢిల్లీ హైకోర్టు 2023 సెప్టెంబరులో అలాంటి వాడకాన్ని నిలిపివేస్తూ ఉత్తర్వులిచ్చింది. వ్యంగ్యానికి, విమర్శకు ఉండే స్వేచ్ఛను ఆ ఉత్తర్వు కాదనలేదు. అది ఆపింది వ్యాపార వినియోగాన్ని. ఉగ్గాని అంగడి మీదికి ఎవరొస్తారులే అనుకోవచ్చు, కానీ పరాయివారి ముఖాన్ని అడగకుండా వాడుకోవడం తప్పా కాదా అన్నది దావా పడుతుందా లేదా అన్నదాని మీద ఆధారపడదు.

రెండోది నన్ను ఇంకా ఎక్కువగా బాధించేది. సీమ అనగానే సుమోలు, బాంబులు, వేటకొడవళ్లు గుర్తుకు వచ్చేలా సినిమాలు చేశాయి. మా విద్యార్థులు ఇతర ప్రాంతాల్లో ఉద్యోగానికి వెళితే "మీ ఇంట్లో బాంబులున్నాయా" అని తోటివారు నవ్వుతూ అడుగుతారు, వీళ్లు నవ్వలేక నవ్వుతారు. బయటివారు వేసిన ఆ ముద్రను మన డబ్బుతో మనమే మళ్లీ అచ్చు వేయించి పంచాలా? ఫ్యాక్షన్‌లో ఇంటి మనిషిని పోగొట్టుకున్నవారు మీ అంగడికి ఉగ్గాని తినడానికి రారని అనుకుంటున్నారా?

పెట్టే డబ్బు విషయంలో ఒక మాట. ప్రమోట్ చేసేటప్పుడు లక్ష్యంగా లైకులను ఎంచుకుంటే, దేనికైనా లైకు కొట్టే అలవాటున్నవారిని వెతికి వారికే ఆ బొమ్మ చూపిస్తారు. వారిలో ఎంతమందికి ఆకలవుతుందో మనకు అనవసరం అనుకుంటే తప్ప అది దండగ. పటంలో అంగడి మీద గుర్తు పెట్టి, చుట్టుపక్కల కొద్ది కిలోమీటర్ల లోపు ఉన్నవారికే, అదీ పొద్దున టిఫిన్ వేళకు ముందు కనబడేటట్టు చూసుకోండి.

బొమ్మ కూడా మీ అంగడిలోనే దొరుకుతుంది. స్టీలు పళ్లెంలో ఉగ్గాని, పైన పప్పుల పొడి, పక్కన మిగిలిన రెండు బజ్జీలు, వాటి మీదికి ఒకేసారి చాచిన మూడు చేతులు. కింద "స్నేహం ఇంతవరకే" అని రాయండి చాలు. ముందు డబ్బు పెట్టకుండా వదలండి, జనం తమంతట తాము ఒకరికొకరు పంపుకుంటుంటే అప్పుడు దాని మీద ఖర్చు పెట్టండి. మీ నాన్నగారి మాటలోని న్యాయం కూడా అదే.

డిజిటల్ మార్కెటింగ్ ఉద్యోగి, కడప

నటుడి ముఖం విషయంలో మేడమ్ మాటను ఒప్పుకుంటున్నాను. సుమోల జోకును మాత్రం పూర్తిగా తోసిపుచ్చలేను, ఎందుకంటే మన మీద మనమే నవ్వుకోగలగడం కూడా ఆ ముద్రను పలచబరిచే దారే. అలాగే, ఊళ్లోని మీమ్ పేజీ వాళ్లకు డబ్బిచ్చి వేయించడం మీద ఎవరూ మాట్లాడలేదు. అలా వేయిస్తే అది ప్రకటన అని స్పష్టంగా రాయాలని భారత ప్రకటనల ప్రమాణాల మండలి మార్గదర్శకాలు 2021 జూన్ నుంచి చెబుతున్నాయి. చాలా పేజీలు రాయవు కాబట్టి డబ్బు ఇచ్చే ముందే మీరు అడిగి రాయించుకోవాలి.

అధ్యాపకురాలు, అనంతపురం

మన మీద మనం నవ్వుకునేది మన రచ్చబండ దగ్గర. ఆ మాట వెనుక ఎవరున్నారో, ఎంత ప్రేమతో అన్నారో అక్కడ అందరికీ తెలుసు. డబ్బు కట్టి పంపిన బొమ్మ వెంట అదేదీ వెళ్లదు. పేజీల సంగతిలో మీరు చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం.

ఉగ్గాని అంగడి, కర్నూలు

ఇద్దరికీ కృతజ్ఞతలు. మూడు చేతుల ఫొటోను ఆదివారం పొద్దున, గిరాకీ ఎక్కువగా ఉన్నప్పుడు తీయాలని అనుకుంటున్నాం. సుమోల బొమ్మను తీసేయమంటే తమ్ముడు ఇంకా ఒప్పుకోవడం లేదు, మేడమ్ రాసినది వాడికి చదివి వినిపిస్తాను.