ఉద్దానం కిడ్నీ జబ్బు: ఇంకా కారణం వెతకాలా, ఆ డబ్బు నీళ్లకీ డయాలసిస్‌కీ పెట్టాలా?

కవిటి_కుర్రోడు
మా ఊరికి మళ్లీ ఎవరో రీసెర్చ్ వాళ్లు వస్తారట. రక్తం, మూత్రం, బోరు నీళ్లు, తోటలో మట్టి అన్నీ తీసుకుంటారని ఆశా వర్కర్ చెప్పి వెళ్లింది. తెలీని వాళ్ల కోసం చెప్తున్నాను, శ్రీకాకుళం జిల్లాలో కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, పలాస, వజ్రపుకొత్తూరు, ఈ ఏడు మండలాలూ కలిపి ఉద్దానం. కొబ్బరీ జీడీ తప్ప ఇంకో మాట ఉండదు మా దగ్గర. షుగరుండదు, బీపీ ఉండదు, అయినా కిడ్నీలు పోతాయి. కొన్ని సర్వేల్లో పెద్దోళ్లలో దరిదాపు అయిదుగురికి ఒకరు జబ్బున్నోళ్లే. ఇరవై ఏళ్ల పైనుంచి ఎందరెందరో వచ్చినారు, 2017లో హార్వర్డ్ డాక్టర్లు కూడా వచ్చినారు. కారణం ఇదీ అని ఇప్పటికీ ఎవరూ చెప్పలేదు. ఇంక ఈ వెతుకులాట ఆపేసి ఆ డబ్బు డయాలసిస్ బెడ్లకీ మందులకీ పైపులకీ పెడితే ఏటి నష్టం? నిజంగానే అడుగుతున్నాను.

పైపులైన్_పెద్దాయన
గ్రామీణ నీటి సరఫరాలో ఇంజనీరుగా చేసి రిటైరయ్యాను కాబట్టి నాకు తెలిసింది చెప్తా. కారణం తేలకపోయినా జనాన్ని కాపాడొచ్చు. సుజలధార నీటి పథకం వేసింది అందుకే, 700 కోట్లు, హిరమండలం రిజర్వాయరు నుంచి వంశధార నీళ్లు, 807 ఊళ్లకి, 2023 డిసెంబరులో మొదలుపెట్టారు, దాంతోపాటే పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి. బోరు నీళ్లలో సిలికా (ఇసుకలో, రాళ్లలో ఉండే ఖనిజం) ఉందా ఇంకోటి ఉందా అని కూర్చుని తవ్వక్కర్లేదు. భూమిలో నీళ్లు మాన్పించి నది నీళ్లు తాగిస్తే అందులో ఏ విషమున్నా దాంతో తెగిపోతుంది. రీసెర్చ్‌కి పెట్టే ప్రతి రూపాయీ ఆ పైపుల మెయింటెనెన్స్‌కి పెట్టమంటాను.

జీడితోట_మందస
కరెక్ట్ సార్

పబ్లిక్‌హెల్త్_చదువరి
"ఏ విషమున్నా" అన్నారు చూడండి పెద్దాయన గారూ, నా అభ్యంతరమంతా అక్కడే. అసలు విషం నీళ్లలోనే ఉందని ఎవరు తేల్చారు? నీళ్లలో ఫలానా పదార్థం వల్లే అని ఇవాళ్టిదాకా ఎవరూ నిరూపించలేదు. ఇదే తరహా జబ్బు శ్రీలంకలో ఉత్తర మధ్య ప్రాంతపు వరి రైతుల్లో 1990ల నుంచీ ఉంది, నికరాగువా, ఎల్ సాల్వడార్‌లలో చెరకు నరికే కూలీల్లో ఉంది. శ్రీలంకలో గడ్డిమందు వల్లే అని 2015లో గ్లైఫోసేట్ అనే ఆ మందుని బ్యాన్ చేసి, ఆధారం సరిపోక తర్వాత ఎత్తేశారు, ఈలోపు రైతులు నానా అవస్థ పడ్డారు. చెరకు కూలీల దగ్గర మాత్రం ఎండలో ఒళ్లు ఎండిపోయేలా పనిచేయడం మీద అనుమానం బలపడింది, నీళ్లు, విశ్రాంతి, నీడ పద్ధతి ప్రకారం ఇచ్చాక కిడ్నీ దెబ్బలు తగ్గాయి కూడా. ఉద్దానంలోనూ అసలు సంగతి ఎండే అయితే మీ 700 కోట్ల పైపు ఏం ఆపుతుంది? కుళాయి నీళ్లు తాగి మళ్లీ అదే ఎండలోకి వెళ్తాడు కదా మనిషి.

పైపులైన్_పెద్దాయన
ఎండ అయితే రెంటచింతలలో ఎందుకు లేదండీ? అనంతపురంలో ఎందుకు లేదు? వేడిలో ఉద్దానం వాటి ముందు ఏ పాటిది?

పబ్లిక్‌హెల్త్_చదువరి
రెంటచింతలది పొడి వేడి. సముద్రం పక్కన ఉక్కపోతలో చెమట ఆరదు, ఒంటి మీద భారం వేరేగా ఉంటుంది.

పైపులైన్_పెద్దాయన
సముద్రం పక్కన కాకినాడ లేదా? మచిలీపట్నం లేదా? అక్కడ కూలీలు ఏసీలో పనిచేస్తున్నారా?

పబ్లిక్‌హెల్త్_చదువరి
నేను అడిగేది కూడా అదే కదండీ, అక్కడెందుకు లేదు ఇక్కడెందుకు ఉంది అని పోల్చి చూడమనే. దానిపేరే రీసెర్చ్. మీ సిలికా సంగతీ అంతే, గ్రానైట్ నేల ఉన్నచోటల్లా బోరు నీళ్లలో సిలికా కనిపిస్తుంది, మరి అన్నిచోట్లా కిడ్నీలు పోవట్లేదే.

పైపులైన్_పెద్దాయన
నేను సిలికా అని గట్టిగా అన్లేదు. సిలికా కానీ ఇంకేదైనా కానీ అన్నాను. పైన నా పోస్టు మళ్లీ చదవండి.

పబ్లిక్‌హెల్త్_చదువరి
చదివాను. "సిలికా ఉందా" అనే రాశారు.

పైపులైన్_పెద్దాయన
"అక్కర్లేదు" అని కూడా రాశాను!!

మర్రిగూడ_బిడ్డ
మీ ఇద్దరి సిలికా పంచాయితీ జరంత పక్కకు పెట్టున్రి. మాది నల్గొండ, ఫ్లోరైడ్ ఊరు. మాకు కారణం తెల్వక కాదు, అప్పటి నెల్లూరు జిల్లాల ఈ పండ్లు, ఎముకలు పాడయ్యే రోగం నీళ్లల్ల ఫ్లోరైడ్‌తోటి వస్తుందని 1937లనే రాసిపెట్టిన్రు. తర్వాత 1970లల్ల నాగ్‌పూర్ నీరీ సంస్థోళ్లు పటిక, సున్నం, బ్లీచింగ్ కలిపి ఫ్లోరైడ్ తీసే పద్ధతి కనిపెట్టి దానికి మా జిల్లా పేరే పెట్టిన్రు, నల్గొండ టెక్నిక్ అని. ఆఫ్రికా దేశాల దాంక పోయింది ఆ పేరు. మరి మా ఊళ్ల ఏమైంది? నీళ్లల్ల ఫ్లోరైడ్ ఎంతుందో చూస్కుంట రోజు పటిక కొలిచి పోసేటోడు ఉండాలె, అడుగున పేరుకున్న మురికి తీసి పారేసేటోడు ఉండాలె, వాని జీతం ఎవరో ఒకరు ఇయ్యాలె. ఎవ్వరు ఇయ్యలె. ట్యాంకు తుప్పు పట్టింది, మా పెదనాయన నడుము వంగే ఉంది. 1996 లోక్‌సభ ఎలక్షన్ల నల్గొండల 480 మంది పోటీ చేసిన్రు, నీళ్ల గోస ఢిల్లీకి ఇనపడాలని. ఆఖరికి మాకు పనికొచ్చింది కృష్ణ నీళ్లు, మిషన్ భగీరథ పైపు. కారణం తెల్సినంక గూడ ఇన్నేండ్లు పట్టింది, కారణం తెల్వంగనే మీ ఉద్దానపోళ్ల బతుకు మారుతదా? నేను ఇంజనీరు సార్ దిక్కే.

జీడితోట_మందస
అన్న చెప్పింది అక్షరాలా నిజం

పబ్లిక్‌హెల్త్_చదువరి
@మర్రిగూడ_బిడ్డ మీ బాధ అర్థమైంది, కానీ మీరు చెప్పిన ఉదాహరణ నా మాటకే సాక్ష్యం. నల్గొండలో కృష్ణా నీళ్లు పనిచేస్తాయని ముందే ఎందుకు తెలుసు? శత్రువు ఎవరో తెలుసు కాబట్టి. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు అని ఒక అంకె ఉంది. పైపు వేశాక కుళాయి దగ్గర నీళ్లు పట్టి కొలిస్తే పని అయిందో లేదో ఆ సాయంత్రానికే చెప్పేయొచ్చు. ఉద్దానంలో కుళాయి దగ్గర నిలబడి ఏం కొలుస్తారు? ఇంకో పదిహేనేళ్ల తర్వాత జబ్బులు తగ్గకపోతే అప్పుడు "అయ్యో నీళ్లు కాదన్నమాట" అనుకుంటారా? ఇవాళ ఇరవై ఏళ్లున్న పిల్లలకి అప్పటికి రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీ పని తగ్గితే పెరిగేది) పెరిగిపోయి ఉంటుంది. నది నీళ్లు వద్దని నేను అనట్లేదు, అవి మనిషి హక్కు. వాటితో సమస్య తీరిపోయిందని చేతులు దులుపుకోవడం వద్దంటున్నాను.

జీడితోట_మందస
మీరందరూ నీళ్లు, ఎండ అంటున్నారు, మందుల సంగతి ఎవరూ ఎత్తరేం? జీడికి పూత టైములో టీ దోమ అనే పురుగుకి మందు కొట్టాలి, మాస్కు లేదు గ్లౌజు లేదు, లుంగీ మీదే కొట్టేస్తాం, సాయంత్రం ఒళ్లు నొప్పులని మెడికల్ షాపులో నొప్పి మాత్ర అడిగి వేసుకుంటాం, తెల్లారి మళ్లీ పని. మా అన్నయ్య అలా ఎన్నేళ్లు మాత్రలు మింగాడో దేవుడికి తెలుసు. ఒక ప్రైవేటు ఆసుపత్రికి తీసుకెళ్తే కిడ్నీ టెస్టు చెయ్యకుండానే నడుంనొప్పని ఇంకా పెద్ద మాత్రలు రాసిచ్చారు. తర్వాత తెలిసేసరికి డయాలసిస్. వారానికి మూడుసార్లు చేయించాలి, రెండుసార్లు తీసుకెళ్లడమే గగనం, మిషను మీద నాలుగు గంటలు, రానూపోనూ ఆటో, పనికి పోలేని మనిషి, తోడొచ్చిన మనిషి కూలి కూడా పోయినట్టే. అందుకే చెప్తున్నా ముందు బెడ్లు పెంచండి.

బరంపురం_బస్సు
మా వైపు ఒరిస్సా బోర్డరు ఊళ్లలో కూడా కిడ్నీ కేసులు ఉన్నాయి, వాటి సంగతి కూడా ఎవరైనా రాయండి

కవిటి_కుర్రోడు
చదువరి గారూ, మీరు సర్వేల్లో పనిచేస్తారా? మీ మాట తీరు చూసి అడుగుతున్నాను.

పబ్లిక్‌హెల్త్_చదువరి
అవును. ఉద్దానంలో కాదు గానీ ఇలాంటి సర్వేల్లోనే.

కవిటి_కుర్రోడు
అయితే మీకే చెప్తాను. మా చిన్నాన్న ఎన్ని టీములకి రక్తం ఇచ్చినాడో లెక్క లేదు. బడి దగ్గర క్యాంపు పెడతారు, పరగడుపున రమ్మంటారు, కూలి మానుకుని వెళ్తాడు, వేలిముద్ర వేయించుకుంటారు, సీసాలు పట్టుకుని పోతారు. ఒక్క కాగితం ఇంటికి రాలేదు. ఒక్కటి. ఆయనకి కాళ్లు వాచి వైజాగ్ తీసుకెళ్లినప్పుడు డాక్టరమ్మ అడిగింది, ఇంతకుముందు క్రియాటినిన్ ఎంతుండేదీ అని. ఏటి చెప్పమంటారు? ఎక్కడో కంప్యూటర్లో ఆయన నెంబరుంది, ఆయనకి తప్ప అందరికీ తెలుసు.

పబ్లిక్‌హెల్త్_చదువరి
ఇది బాధాకరమే, కాదనను. కానీ కొంచెం వేరే వైపు నుంచీ చూడండి. సర్వే వేరు, వైద్యం వేరు. కన్సెంట్ కాగితంలో అది రాసే ఉంటుంది. ఒక్కసారి తీసిన క్రియాటినిన్ చూసి నీకు జబ్బుందని చెప్పకూడదు, మూడు నెలల తర్వాత మళ్లీ చూసి నిర్ధారించాలి. పైగా మొదటి దశలో ఉన్నవాళ్లకి చెప్పి మనం ఇచ్చేదేముంది? ఈ జబ్బుకి ప్రత్యేకంగా మందు లేదు. ఊరికే భయపెట్టినట్టవుతుంది.

కవిటి_కుర్రోడు
ఇదీ మీ మనసులో మాట. ఇందాకట్నుంచీ దీని కోసమే చూస్తున్నాను. చెప్పి ఇచ్చేదేముంది అంటారా? జీడితోట అన్న పైన రాసింది చదివినారా? వాళ్ల అన్నయ్యకి ముందే తెలిస్తే, కిడ్నీలని ఇంకా పాడుచేసే ఆ నొప్పి మాత్రలు మానేసేవాడు కాదేటి? ఒక్క మాట, "బాబూ ఈ మాత్ర ఇంక వేసుకోకు", దీనికి మందు కావాలా? కొత్త పరిశోధన కావాలా? మూడు నెలల తర్వాత మళ్లీ చూడాలంటే మళ్లీ రండి, రక్తం కావాల్సినప్పుడు ఇల్లు వెతుక్కుని వచ్చినారు కదా. మీకు మా రక్తం కావాలి, మేం అక్కర్లేదు. మా రోగం మీద పేపర్లు అచ్చవుతాయి, మీటింగుల్లో చప్పట్లు కొడతారు, మా ఊరి పేరు మాత్రం పిల్లనివ్వని ఊళ్ల లిస్టులోకి ఎక్కుతుంది.

పబ్లిక్‌హెల్త్_చదువరి
చప్పట్ల కోసం ఎవరూ ఎండలో ఇల్లిల్లూ తిరగరు. మా టీములో అమ్మాయిలు కుక్కలు తరిమినా, తలుపులు మొహం మీద వేసినా, సంచిలో ఐసు కరిగిపోకుండా సీసాలు మోసుకొచ్చారు, వాళ్ల జీతం ఎంతో తెలిస్తే మీరీ మాట అనరు. ప్రతి సర్వేనీ వైద్య శిబిరం చేస్తే దానికి డబ్బెవరిస్తారు? నిధులిచ్చేవాళ్లు కారణం కనుక్కోమని ఇస్తారు, ఒకసారి చూసినవాళ్లని మళ్లీ మళ్లీ చూసుకోవడానికి ఇవ్వరు.

కవిటి_కుర్రోడు
అలాగైతే ఆ నిధులిచ్చేవాళ్లతోనే తేల్చుకోండి, మాతో కాదు.

మోడరేటర్
ఇద్దరూ కాస్త తగ్గండి. మనుషుల్ని కాదు, విషయాన్ని మాట్లాడండి.

మర్రిగూడ_బిడ్డ
తగ్గేదేముంది అన్నా, అసలు ముచ్చట ఇప్పుడే బయటికొచ్చింది. మా ఊళ్ల గూడ పండ్లు చూసి, ఎముకలు చూసి, ఫొటోలు తీస్కపోయిన్రు. ఆ ఫొటోలు ఏడ ఉన్నయో మాకు తెల్వది.

సోంపేట_కోడలు
చాలాసేపట్నుంచి చదువుతున్నాను, రాయాలా వద్దా అని ఆగాను. రిపోర్టులు ఇవ్వాలి, సరే. కానీ ఎలాగ ఇస్తారు? మా పుట్టింటి వైపు ఒక క్యాంపులో పేర్లు పైకి చదివి, ఫలానా వాళ్లు పక్కన నిలబడండి, మీకు మళ్లీ టెస్టు చేస్తాం అన్నారు. మా చెల్లి నిలబడింది. మళ్లీ చేస్తే ఏమీ లేదు, బాగానే ఉంది. కానీ నిలబడిన మాట ఊరు దాటిపోయింది, కుదిరిన సంబంధం వెనక్కిపోయింది. ఏమీ లేదని వచ్చిన కాగితం చూపించినా నమ్మలేదు వాళ్లు. చదువరి గారు చెప్పకూడదు అంటారు, కవిటి తమ్ముడు చెప్పాలి అంటాడు, ఇద్దరూ మా ఇంట్లో ఆడపిల్ల సంగతి అడగలేదు.

కవిటి_కుర్రోడు
అక్కా, నీ మాట నిజం. పేర్లు పైకి చదవడం ఘోరం. కవరులో పెట్టి ఎవరిది వాళ్లకి ఇవ్వాలి, తెలుగులో రాసి ఇవ్వాలి, క్రియాటినిన్ ఎంత, ఏ మాత్రలు వేసుకోకూడదు, మళ్లీ ఎప్పుడు, ఎక్కడ చూపించుకోవాలి. ఈసారి వచ్చే వాళ్లకి మా వీధిలో ఇదే చెప్తాం. ఇది రాసిస్తేనే రక్తం ఇస్తాం, లేకపోతే లేదు.

పబ్లిక్‌హెల్త్_చదువరి
కవరు సంగతి నేనూ ఒప్పుకుంటాను, పెద్ద ఖర్చు కూడా కాదు. కానీ రక్తం ఇవ్వం అని వీధులు వీధులే తప్పుకుంటే మిగిలినవాళ్లతో వచ్చే లెక్క ఉద్దానం లెక్క కాదు. జబ్బున్న వీధి తప్పుకుంటే జబ్బు తక్కువుందని తేలుతుంది, అది చూపించి బెడ్లు తగ్గిస్తారు. ఇది కూడా ఆలోచించండి.

కవిటి_కుర్రోడు
ఆలోచించాల్సింది వచ్చేవాళ్లు. మేం అడిగేది ఒక్క కాగితం.

పైపులైన్_పెద్దాయన
ఇంతకీ మీ వీధికి సుజలధార కుళాయిలో నీళ్లు ఏ టైముకి వస్తున్నాయి, ఎంతసేపు వస్తున్నాయి? లైను చివర ఊళ్లలో ప్రెషరు నిలబడకపోతే జనం మళ్లీ బోరుకే పోతారు, అది చెప్పండి ముందు.

సోంపేట_కోడలు
తమ్ముడూ, కవరు మీద ఎవరి పేరు రాస్తారు, ఎవరి చేతికిస్తారు అన్నది కూడా ఆ కాగితంలో పెట్టించు. మా అత్తగారి రిపోర్టులు మా మావగారి చొక్కా జేబులోనే ఉండేవి, ఆవిడకి ఏముందో ఆవిడకి చివర్న తెలిసింది. రక్తం ఇచ్చిన మనిషి చేతికే ఇవ్వాలి, ఇంటి పెద్దకి కాదు అని స్పష్టంగా రాయించు.