బాస్కెట్‌బాల్ రింగు 10 అడుగుల ఎత్తులోనే ఎందుకు?

ప్రశ్న (హనుమకొండ నుంచి):
మా పాఠశాల మైదానంలో బాస్కెట్‌బాల్ స్తంభాలు నాటించే పని నాకు అప్పగించారు. ఐదో తరగతి పిల్లలు 10 అడుగుల రింగుకు బంతిని చేర్చలేకపోతున్నారు కాబట్టి కాస్త దించమని తోటి ఉపాధ్యాయులు, నియమం నియమమేనని పీఈటీ గారు అంటున్నారు. అసలు ఈ 10 అడుగుల వెనుక ఏదైనా లెక్క ఉన్నదా?

జవాబు (కాజీపేట నుంచి):
లెక్క లేదండి, అది ఒక బాల్కనీ ఎత్తు. 1891 డిసెంబరులో అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్ వైఎంసీఏ (క్రైస్తవ యువజన సంఘం) శిక్షణ పాఠశాలలో, చలికి బయట ఆడలేక, లోపలి కసరత్తులతో విసిగిపోయిన విద్యార్థుల కోసం కొత్త ఆట తయారు చేయమని అక్కడి వ్యాయామ విద్య విభాగాధిపతి లూథర్ గ్యూలిక్ తన కింద పనిచేసే అధ్యాపకుడు జేమ్స్ నైస్మిత్‌కు రెండు వారాల గడువు ఇచ్చాడు. నైస్మిత్ గోలుగా వాడడానికి పెట్టెలు అడిగితే అక్కడి పనివాడు పీచ్ పండ్ల బుట్టలు తెచ్చాడు. మన దగ్గరైతే మామిడి గంపలు వచ్చేవేమో! వాటిని బాల్కనీ అంచుకు మేకులతో బిగించారు. ఆ అంచు నేలకు 10 అడుగులు.

జవాబు (కరీంనగర్ నుంచి):
కొలత యాదృచ్ఛికమే, కానీ గోలును తలలకు పైన పెట్టడం మాత్రం నైస్మిత్ బాగా ఆలోచించి చేసిన పని. గోలు నేల మీద నిలువుగా ఉంటే బంతిని బలంగా విసురుతారు, ఒకరి మీద ఒకరు పడతారు. పైకి నోరు తెరిచిన బుట్టలో పడాలంటే దాన్ని మెత్తగా, వంపుగా వేయవలసిందే. చిన్ననాడు కెనడాలో ఆడిన, బండ మీది రాయిని మరో రాయితో పడగొట్టే ఆట ఆయనకు ఈ ఉపాయం ఇచ్చింది. బంతి పట్టుకొని పరుగెత్తరాదన్న నియమానికీ కారణం ఇదే: పరుగు లేకపోతే పట్టి పడేసే అవసరమే రాదు. ఆ తొలి 13 నియమాలలో డ్రిబ్లింగ్ (బంతిని నేలకు కొడుతూ ముందుకు సాగడం) ఊసే లేదు, దాన్ని తరువాత ఆటగాళ్లే పుట్టించారు. జట్టుకు 9 మంది ఆడిన మొదటి ఆటలో పడింది ఒకే ఒక్క గోలు. బుట్ట అడుగుభాగం మూసి ఉన్నందున బంతిని నిచ్చెన ఎక్కి తీయవలసి వచ్చేది. రింగు వెనుక బోర్డు కూడా బాల్కనీలో కూర్చున్న ప్రేక్షకులు బంతికి చేతులు అడ్డుపెట్టకుండా వచ్చినదే.

జవాబు (కాజీపేట నుంచి):
ఒప్పుకుంటున్నాను. పీఈటీ గారికి ఒక మాట చెప్పండి: 12 ఏళ్ల లోపు పిల్లల మినీ బాస్కెట్‌బాల్‌లో రింగు ఎత్తు 2.60 మీటర్లు, అంటే దాదాపు ఎనిమిదిన్నర అడుగులే.

ప్రశ్న అడిగినవారు:
కృతజ్ఞతలు. స్తంభానికి రెండు ఎత్తులలోనూ బోల్టు రంధ్రాలు పెట్టమని వెల్డింగు ఆయనకు చెబుతాను.