మామిడి ట్రాక్టర్ ఎడమ పక్కంతా గీసేసింది: క్లెయిమా, షెడ్డా, వదిలేయడమా?

కట్టమంచి_కుర్రోడు
అందరికీ నమస్కారం. మాది చిత్తూరు. సిల్వర్ కలర్ స్విఫ్ట్, నాలుగో ఏడు నడుస్తోంది. తోతాపురి సీజన్ కదా, గుజ్జు ఫ్యాక్టరీ ముందు ట్రాక్టర్లు రోడ్డు పొడవునా బారులు తీరి ఉన్నాయి. పక్కనుంచి పోతుంటే వరుసలో ఒకటి ఉన్నట్టుండి కదిలి, ట్రాలీ మూల నా ఎడమ పక్కంతా రాసుకుంటూ పోయింది. నడిపేది రైతే. కాయ దించడానికి రాత్రంతా లైన్లోనే ఉన్నాడట. ఆయన్ని ఏమడుగుతాం, వచ్చేశాను.

ముందు తలుపు మీద ఎర్ర చారలు. వెనక తలుపుకి పొడవాటి సొట్ట, మధ్యలో పెయింట్ లేచి రేకు కనిపిస్తోంది. దాని వెనక క్వార్టర్ ప్యానెల్ (వెనక చక్రం పైనుండే రేకు) మీద లోతు గీతలు. వెనక బంపర్ మూల గీరుకుపోయింది.

కంపెనీ సర్వీస్ సెంటర్‌లో 38 వేలు అన్నారు. కొత్త వెనక తలుపు 13, నాలుగు చోట్ల పెయింట్ 16, లేబర్ 9. ఊళ్లో షెడ్డు మేస్త్రీ అంతా కలిపి 14 వేలకు చేస్తానన్నాడు. ఇన్సూరెన్స్ ఉంది, జీరో డెప్ (పార్టులకు తరుగు కోయకుండా ఇచ్చే యాడ్ ఆన్) లేదు. ఎన్‌సీబీ (క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) ఇప్పుడు 35 శాతం. ఇంట్లో "మరి ఇన్సూరెన్స్ కట్టేది ఎందుకు?" అంటున్నారు. మీరైతే ఏం చేస్తారు?

రేణిగుంట_రోడ్డు
ఇంట్లోవాళ్లు అన్నదే కరెక్టు తమ్ముడూ. క్లెయిమ్ చెయ్యి. ఏటా వేలకు వేలు కట్టి, అవసరం వచ్చినప్పుడు జేబులోంచి తీయడం ఏంది? పైగా కంపెనీ పార్టు, కంపెనీ పెయింటు, బిల్లు చేతికి వస్తుంది. షెడ్డులో చేయించి ఆరు నెలలకు పెచ్చులు లేస్తే ఎవరి గడ్డం పట్టుకుంటావు?

గ్రీమ్స్‌పేట_లెక్కలు
ఆవేశం పక్కన పెట్టి కాగితం పెన్ను తీసుకుందాం. తమ్ముడూ, నీ పాలసీలో ఎన్‌సీబీ తగ్గించకముందు ఓన్ డ్యామేజ్ (మన బండి దెబ్బలకు కట్టే) ప్రీమియం ఎంత ఉందో చూసి చెప్పు. థర్డ్ పార్టీ ప్రీమియం వదిలెయ్, దానికీ ఎన్‌సీబీకీ సంబంధం లేదు.

కట్టమంచి_కుర్రోడు
చూశాను అన్నా. సుమారు 8 వేలు ఉంది.

గ్రీమ్స్‌పేట_లెక్కలు
సరే. ముందు క్లెయిమ్‌లో నీ చేతి నుంచి పడేది. మూడేళ్లు దాటి నాలుగేళ్లలోపు బండికి రేకు పార్టు మారిస్తే 25 శాతం తరుగు కోస్తారు, అంటే 13 వేల తలుపులో 3,250. పెయింట్ బిల్లులో నాలుగో వంతు సరుకు ఖర్చు కింద లెక్కేసి అందులో సగం కోస్తారు, 16 వేలకు 2,000. తప్పనిసరి డిడక్టిబుల్, అంటే ప్రతి క్లెయిమ్‌లో మనం పెట్టుకోవాల్సిన వాటా, 1500 సీసీ వరకు 1,000. మొత్తం 6,250. బంపర్ కూడా మార్చేద్దాం అంటే ఇంకా పడుతుంది, ప్లాస్టిక్, రబ్బరు పార్టులకు తరుగు 50 శాతం.

ఇప్పుడు ఎవరూ చెప్పని భాగం. ఎన్‌సీబీ మెట్లు 20, 25, 35, 45, 50. క్లెయిమ్ చేయకపోతే వచ్చే రెన్యువల్‌లో నీకు 45, ఆ తర్వాత అన్నేళ్లూ 50. చేస్తే వచ్చే ఏడు సున్నా, తర్వాత 20, 25, 35, 45 అంటూ మళ్లీ కిందనుంచి ఎక్కాలి. ఏడాదికేడాది తేడా తీస్తే 45, 30, 25, 15, 5. కూడితే 120 శాతం. 8 వేల మీద అది 9,600, 18 శాతం జీఎస్టీ కలిపితే 11,300 పైనే. కారు విలువ ఏటా తగ్గుతుంది కాబట్టి అసలు నష్టం ఇంతకంటే కొంచెం తక్కువ ఉండొచ్చు, కానీ లెక్క మాత్రం ఇదే.

రెండూ కలిపితే 17 వేల పైమాట. అంటే "ఫ్రీగా" చేయించుకున్న 38 వేల పనికి నువ్వు పెట్టేది షెడ్డు వాడడిగిన 14 వేల కంటే ఎక్కువ. ఇదే లక్ష రూపాయల డ్యామేజీ అయితే కళ్లు మూసుకుని క్లెయిమ్ చెయ్యమనేవాణ్ని.

రేణిగుంట_రోడ్డు
ఒప్పుకుంటాను, అయిదేళ్ల తేడా నేను కూడి చూడలేదు. కానీ జీరో డెప్ ఉన్నవాళ్లకు ఈ లెక్క మారుతుంది కదా? ఆ 6,250 బదులు వెయ్యి మాత్రమే పడుతుంది. అప్పుడు 12 వేల చిల్లరకు కంపెనీ పని.

గ్రీమ్స్‌పేట_లెక్కలు
మారుతుంది. ఎన్‌సీబీ ప్రొటెక్ట్ యాడ్ ఆన్ (క్లెయిమ్ చేసినా ఎన్‌సీబీ పోకుండా కాపాడేది) కూడా ఉంటే పూర్తిగా తిరగబడుతుంది, క్లెయిమే లాభం. అందుకే పక్కింటాయన ఏం చేశాడని కాకుండా ఎవరి పాలసీ వాళ్లు చదువుకోవాలి. ఇంకో మాట. క్లెయిమ్ చేసే ఆలోచన కొంచెం ఉన్నా ముందు ఇన్సూరెన్స్ కంపెనీకి చెప్పి, వాళ్లు చూశాకే బండి మీద చెయ్యి వేయించాలి. 50 వేల లోపు నష్టానికి నష్టం అంచనా వేసే లైసెన్స్ ఉన్న సర్వేయర్ తప్పనిసరి కాదు, కొన్ని కంపెనీలు ఫొటోలు, వీడియోతోనే తేల్చేస్తున్నాయి. పనిలో పనిగా కుడి పక్కన పాత సొట్ట ఏదైనా ఉంటే అదీ ఇందులో కలిపేద్దాం అనుకోవద్దు. వేరే దెబ్బ వేరే క్లెయిమ్, దానికి వేరే డిడక్టిబుల్.

కొండకి_ట్యాక్సీ
మాది పసుపు బోర్డు బండి, నా మాట మీకు నచ్చకపోవచ్చు. రేకు బయటపడిన చోట తప్ప దేన్నీ ముట్టుకోవద్దు సామీ. రోజూ తిరుమల రెండో ఘాట్‌లో ఎక్కి మొదటి ఘాట్‌లో దిగేవాళ్లం, పైన పార్కింగ్‌లో కోతులు బానెట్ మీద జారుడుబండ ఆడతాయి, సైడు అద్దంలో మొహం చూసుకుని దాంతోనే కొట్లాడతాయి. గీత పడినప్పుడల్లా పెయింట్ కొట్టిస్తే కారు కొన్న డబ్బు మళ్లీ షెడ్డుకే పోతుంది.

టింకర్_కొడుకు
కరకంబాడి రోడ్డులో మా నాయనకు షెడ్డు ఉంది. నేను సాఫ్ట్‌వేర్‌లోకి వచ్చేసినా సెలవులన్నీ వాటర్ పేపర్ పట్టుకుని పెరిగినవాణ్నే. తమ్ముడూ, కంపెనీవాళ్లూ షెడ్డు మేస్త్రీ ఇద్దరూ నీకు "ఎడమ పక్క మొత్తం" అని ఒకే ముద్దగా రేటు చెప్పారు. నువ్వు దాన్ని విడగొట్టి చూడు.

ముందు తలుపు. ఎర్ర చారలన్నావు కదా, అవి చాలావరకు నీ కారు గీతలు కావు. ట్రాలీ రంగు నీ పెయింట్ మీద అంటుకుంది. మెత్తటి గుడ్డకు రబ్బింగ్ కాంపౌండ్ రాసి అరచెయ్యంత మేర రుద్ది చూడు. ఎరుపు పోయాక గీత మిగిలితే దానికి అడ్డంగా గోరు లాగు. గోరు తట్టుకోకుండా జారిపోతే దెబ్బ పైనున్న క్లియర్ కోట్‌కే (రంగు మీది పారదర్శక పూత) తగిలినట్టు, పాలిష్‌తో పోతుంది. నీళ్లు చల్లగానే కనబడకుండా పోయి, ఆరాక మళ్లీ తేలినా అర్థం అదే. థిన్నర్ జోలికి మాత్రం పోవద్దు. పాలిష్ కూడా ఊరికే కొట్టిస్తూ ఉండకూడదు, ఎందుకంటే ప్రైమర్ నుంచి క్లియర్ దాకా ఫ్యాక్టరీ పెయింట్ అంతా కలిపి 100 నుంచి 150 మైక్రాన్లు, మిల్లీమీటర్‌లో ఆరో వంతు కూడా ఉండదు. పాలిష్ అంటే అందులోంచి కాస్త అరగదీయడమే.

బంపర్. ప్లాస్టిక్, తుప్పు పట్టదు. మూలే కాబట్టి ఇంకో రెండు మూడుసార్లు ఎక్కడో ఒకచోట రాసుకుంటుంది కూడా. వదిలెయ్.

అసలు పని వెనక తలుపు, దాని పక్క క్వార్టర్ ప్యానెల్. రేకు బయటపడింది కాబట్టి ఇదొక్కటే తొందరగా చేయించాల్సింది. మనకు ఈశాన్య వానలు అక్టోబర్ నుంచి మొదలవుతాయి, అప్పటిదాకా ఆగితే పెయింట్ అంచు కిందికి తుప్పు పాకుతుంది. తేమలో పని కూడా పాడవుతుంది. పెయింట్ బూత్ (మూసిన గది) లేని షెడ్డులో వానరోజు పెయింట్ కొడితే తెల్లటి మసక తేలుతుంది.

తలుపు మార్చాలా? తలుపు మూసి చుట్టూ సందు సమానంగా ఉందా చూడు. అద్దం సాఫీగా దిగుతోందా, లాక్ ఒక్క తోపుకే పడుతోందా చూడు. ఇవన్నీ బాగుంటే టింకరింగ్ (రేకు సరిచేయడం) చాలు. కొత్త తలుపు అంటే ఫ్యాక్టరీ రంగుతో వస్తుందనుకుంటారు చాలామంది. రాదు. ప్రైమర్‌తోనే వస్తుంది, రంగు ఎలాగూ ఇక్కడే కొట్టాలి.

పెయింట్ ముట్టుకోకుండా సొట్ట తీసే పద్ధతి ఈ తలుపుకి పనికిరాదు. వెనకనుంచి రాడ్లతో, పైనుంచి గమ్‌తో లాగే ఆ పని పెయింట్ చెక్కుచెదరనప్పుడే. షాపింగ్ మాల్ పార్కింగ్‌లో పక్క కారు తలుపు తగిలి పడే గుండ్రటి సొట్టలకు అది బ్రహ్మాండం.

ఇక షెడ్డు మేస్త్రీ దగ్గర చూడాల్సింది పుట్టీ. మంచి పనివాడు సొట్టను లోపలినుంచి కొట్టో, పైన వాషర్ అంటించి లాగో రేకును ముందు పాత లైనుకు తెస్తాడు, ఆ మీద పల్చగా పుట్టీ. బద్ధకస్తుడు గుంటను అలాగే ఉంచి దోసెపిండి పోసినట్టు పుట్టీ నింపి చదును చేస్తాడు. ఇచ్చిన రోజు రెండూ ఒకేలా మెరుస్తాయి. ఎండలకు, గుంతల్లో అదురుకు ఆ లావు పుట్టీ పగుళ్లిస్తుంది, సందులో నీళ్లు దూరుతాయి. కాబట్టి బేరమప్పుడే "ప్రైమర్ కొట్టే ముందు నేను వచ్చి చూస్తాను" అని చెప్పు. చిన్న అయస్కాంతానికి పల్చటి గుడ్డ చుట్టి ఆ చోట ఆనించు. పక్క రేకు మీద పట్టుకున్నంత గట్టిగా దాదాపు పట్టుకోవాలి. అస్సలు పట్టకుండా జారిపోతే నీకు సంగతి అర్థమైనట్టే. ఈ మాటకు మొహం మాడ్చుకునే మేస్త్రీ దగ్గర బండి పెట్టనే పెట్టొద్దు, మా నాయన దగ్గరైనా సరే.

బైరాగిపట్టెడ_అక్క
తమ్ముళ్లందరూ రేటు మాట్లాడుతున్నారు గానీ రంగు సంగతి ఎవరూ ఎత్తలేదు. నాదీ సిల్వరే. ఇక్కడే ఒక చోట (పేరు వద్దులే) ఒక తలుపుకి కొట్టించాను. షెడ్డులో ట్యూబ్‌లైట్ కింద అచ్చు గుద్దినట్టు కలిసింది. బయటికి తెచ్చి ఎండలో నిలబెడితే తలుపు ఒక కారుది, మిగతాది ఇంకో కారుది. ముందునుంచి చూస్తే తెల్లగా, పక్కనుంచి చూస్తే నల్లగా ఉంది. మళ్లీ తీసుకుపోతే "మేడమ్, పాత పెయింట్ వెలిసింది, మేమేం చేస్తాం" అన్నారు.

టింకర్_కొడుకు
అక్కా, పాత పెయింట్ వెలిసిన మాట నిజమే, కానీ అది చెప్పాల్సింది పని మొదలుపెట్టకముందు. మెటాలిక్‌లో సన్నటి అల్యూమినియం పొడి ఉంటుంది. గన్ ప్రెషర్, దూరం, కోటు తడి మారితే ఆ పొడి వేరేగా పడుకుంటుంది, అందుకే ఒక్కో కోణంలో ఒక్కో రంగు. సిల్వర్ అన్నిట్లోకీ మొండిది. తలుపు అంచు దగ్గర టేపు వేసి ఆపేయకుండా పక్క ప్యానెల్‌లోకి రంగును పల్చగా దించి, ఆ పక్క ప్యానెల్ మొత్తానికి క్లియర్ కొట్టాలి. మన కట్టమంచి తమ్ముడికి క్వార్టర్ ప్యానెల్‌కి ఎలాగూ రంగు పడాలి, అటు ఇబ్బంది లేదు. ముందు తలుపు వైపు కూడా రంగు దింపుతాడో లేదో మేస్త్రీని అడగాలి. దానికి కొంచెం ఎక్కువ అడిగితే ఇవ్వొచ్చు, అది దండగ ఖర్చు కాదు. రంగు కోడ్ బండి మీదే ఉంటుంది. ఆ కోడ్‌తో కలిపించినా ముందు ఒక రేకు ముక్క మీద కొట్టి, ఎండలోకి తెచ్చి కారు పక్కన పెట్టి చూపించమనాలి.

పాతకార్ల_సామి
నేను బండ్లు కొని అమ్ముతుంటాను. ఒక మాట వినండి. ఇప్పుడు కొనేవాళ్లు పెయింట్ మందం కొలిచే మీటర్ తెస్తున్నారు. ఫ్యాక్టరీ పెయింట్ 120 చూపించిన పక్కనే తలుపు 300, 400 చూపిస్తే "ఇది గుద్దిన బండి" అని ముందే ముద్ర వేస్తారు, రేటు అక్కడే పడుతుంది. చిన్న గీతలతో ఒరిజినల్ పెయింట్ ఉన్న బండికి నా దగ్గర బేరం త్వరగా తెగుతుంది. అమ్మే ముందు కారంతా మెరిపిద్దాం అని పెయింట్ కొట్టించేవాళ్లను చూస్తే జాలేస్తుంది. ఏదో దాస్తున్నారనే అనుకుంటాం మేము. కాకపోతే తుప్పు వేరు. తుప్పు కనపడితే బేరమే లేదు. షెడ్డులో చేయించినా పనికి ముందు ఫొటోలు, బిల్లు దాచిపెట్టుకో, రేపు అమ్మేటప్పుడు "ఇంతే దెబ్బ" అని చూపించొచ్చు.

గ్రీమ్స్‌పేట_లెక్కలు
సామి చెప్పింది నా లెక్కలో లేదు, కలుపుకోవాలి. అయితే పెయింట్ షెడ్డులో కొట్టినా కంపెనీలో కొట్టినా మీటర్ ఎక్కువే చూపిస్తుంది కదా?

పాతకార్ల_సామి
చూపిస్తుంది. మీటర్‌కు కంపెనీ బోర్డు కనపడదు. కానీ పుట్టీ లేకుండా ఊరికే రంగు కొట్టింది 200, 250 దగ్గర ఆగుతుంది. వెయ్యి దాటితే అది పుట్టీ.

కట్టమంచి_కుర్రోడు
అందరికీ థాంక్స్. ముందు తలుపు మీద కాంపౌండ్ పెట్టి రుద్దాను. ఎరుపు దాదాపు పోయింది, హ్యాండిల్ కింద ఒక్క గీతకే గోరు తట్టుకుంటోంది. వెనక తలుపు సందు సమానంగానే ఉంది, అద్దం బాగానే దిగుతోంది. మేస్త్రీ దగ్గరకు వెళ్లి బంపర్ పని లెక్కలోంచి తీసేసి, ముందు తలుపుకి రంగు దింపి క్లియర్ మాత్రం కొట్టేలా మాట్లాడితే 10,500కు వచ్చాడు. ప్రైమర్‌కు ముందు చూస్తానంటే "రా నాయనా, టీ తాగి పో" అన్నాడు. క్లెయిమ్ చేయడం లేదు. మా ఇంట్లో 120 శాతం లెక్క రాసి చూపించాల్సి వచ్చింది, నాన్న రెండుసార్లు కూడి చూసుకున్నారు.

రెండు డౌట్లు. మేస్త్రీకి వచ్చే వారం గాని ఖాళీ లేదు, అప్పటిదాకా ఆ రేకును ఏం చేయాలి? పెయింట్ అయ్యాక ఎన్నాళ్లు కడగకూడదు?

టింకర్_కొడుకు
వారమే అయితే పెద్ద టెన్షన్ లేదు. శుభ్రంగా తుడిచి, పొడిగా ఉన్నప్పుడు టచప్ ప్రైమర్ పల్చగా ఒక పూత వెయ్యి. మేస్త్రీ ఎలాగూ దాన్ని గీకేస్తాడు. గ్రీజు, నూనె మాత్రం పూయొద్దు, తర్వాత పెయింట్ పట్టదు.

కడగడం గురించి మేస్త్రీ చెప్పినన్ని రోజులు ఆగు, బేకింగ్ (వేడితో ఆరబెట్టడం) చేశాడా గాలికి ఆరబెట్టాడా అన్నదాన్ని బట్టి మారుతుంది. వాక్స్, పాలిష్ అయితే ఒక నెల వద్దు. మన బోరు నీళ్లతో కడిగితే ఎండలో ఆరనివ్వకుండా వెంటనే తుడిచెయ్, కొత్త క్లియర్ మీద ఉప్పు మచ్చలు పడితే వదలవు.