స్పీడోమీటర్ ఎక్కువ చూపిస్తోందని ముందు స్ప్రాకెట్ మార్చడం కరెక్టేనా?

పదిహేను_పళ్ళు:
నా బండి 250 సీసీ. పేరు చెబితే చర్చ కంపెనీల గొడవలోకి పోతుంది, వద్దులెండి. ముందు స్ప్రాకెట్‌కి, అంటే ఇంజిన్ దగ్గర చైన్‌ని తిప్పే పళ్ళచక్రానికి, 14 పళ్ళు, వెనక చక్రం దానికి 38. సూర్యాపేట దాటాక తిన్నటి రోడ్డు మీద మూడుసార్లు చూశా. మీటరు 80 చూపిస్తుంటే ఫోన్ జీపీఎస్ 74, 75 మధ్యే ఆడుతోంది. అంటే మీటరు ఏడు శాతానికి పైగా కోస్తోంది. ముందు 15 పళ్ళది వేయించా. 14ని 15తో భాగిస్తే 0.933, రీడింగు 6.7 శాతం తగ్గాలి. తగ్గింది. ఇప్పుడు మీటరూ 80, జీపీఎస్సూ 80. కొన్ని వందల రూపాయల్లో పని అయిపోయింది. మా ఫ్రెండ్సేమో తప్పు చేశావంటున్నారు. ఎందుకు తప్పో ఎవరూ సరిగ్గా చెప్పట్లేదు.

వరంగల్_వాలా:
అన్నా, నీ బండికి పనిచేసింది గని, ఇది చూసి అందరూ స్ప్రాకెట్లు కొననీకి ఉరకొద్దు. మీటరుకు లెక్క ఏడికెళ్ళి వస్తుందో ముందు చూడాలె. పాత బుల్లెట్, స్ప్లెండర్ లాంటి వాటికి ముందు చక్రం కాడినుంచే కేబుల్ వస్తది. వాటికి 14 కాదు, 20 పళ్ళది వేసినా ముల్లు కదలదు. చక్రం దగ్గరి సెన్సర్ నుంచి స్పీడు తీసుకునే బండ్లకు కూడా అంతే. నీ దాంట్ల సెన్సర్ గేర్‌బాక్స్ బయటి షాఫ్ట్‌ను చదువుతున్నట్టుంది, అందుకే మారింది. మా దోస్తు ఒకడు ఇది తెల్వక స్ప్రాకెట్ మార్చిండు. మీటరు అట్లనే ఉంది, పికప్ మాత్రం పోయింది.

కేబుల్_బాబాయ్:
ఇరవై ఏళ్ళు షెడ్డు నడిపినవాణ్ణి, కొంచెం పొడుగ్గా చెబుతాను, ఏమనుకోకండి.

పాత మీటరు విప్పితే లోపల రెండు పనులు వేరువేరుగా కనపడతాయండి. కేబుల్ తిరిగితే చివర్న ఉన్న అయస్కాంతం తిరుగుతుంది. దాని మీద గిన్నెలా ఓ అల్యూమినియం కప్పు ఉంటుంది, రెండూ తాకవు. అయస్కాంతం ఆ కప్పుని తనతో లాక్కుపోవాలని చూస్తుంది, సన్నటి స్ప్రింగు వెనక్కి పట్టుకుంటుంది. ఆ లాగుడులో ఎక్కడ ఆగితే అదే మీ స్పీడు. స్ప్రింగు వదులైనా, అయస్కాంతం బలం తగ్గినా ముల్లు మాట మారుస్తుంది. కిలోమీటర్ల అంకెలకి అలాక్కాదు. అవి పళ్ళచక్రాల మీద నడుస్తాయి. చక్రం ఇన్ని చుట్లు తిరిగితే అంకె ఒకటి పెరగాలి, అంతే. అందులో జారుడు లేదు.

ఇప్పటి డిజిటల్ మీటర్లలో సెన్సర్ నుంచి వచ్చే పల్స్, అంటే తిరిగేకొద్దీ పంపే కరెంటు సంకేతం, ఒకటే. దాన్ని స్పీడుగా చూపించేటప్పుడు కొంత కలుపుతారు, కిలోమీటర్లు లెక్కేసేటప్పుడు చాలా బండ్లలో కలపరు. బాబూ, నువ్వు ఎక్కువ చూపించే స్పీడుని సరిచేశానంటున్నావు. దాంతోపాటు సరిగ్గా ఉన్న ఓడోమీటర్ని, అదే కిలోమీటర్ల లెక్కని, చెడగొట్టుంటావు. రెంటికీ 6.7 శాతం కోత పడింది.

పదిహేను_పళ్ళు:
పడితే పడిందండీ. కిలోమీటర్లు తక్కువ పడితే అమ్మేటప్పుడు నాకే లాభం కదా 😄

లెక్కల_మాస్టారు:
నవ్వుతూ అన్నా అది మోసమే నాయనా. మీటరు మీద 30,000 ఉన్నప్పుడు బండి నిజంగా తిరిగింది 32,143. కొనేవాడికి ఆ సంగతి చెబుతావా? సరే, అమ్మకం మాట వదిలెయ్. 5,000కి ఆయిల్ మార్చాలంటే నువ్వు మార్చేది 5,357కి. మైలేజీ మొదట్లో లీటరుకి 35 వచ్చేదనుకో, ఇప్పుడు అదే పెట్రోలుకి 32.7 అని కనిపిస్తుంది. తర్వాత నువ్వే వచ్చి ‘స్ప్రాకెట్ మార్చాక మైలేజీ పడిపోయింది’ అని ఇంకో చర్చ మొదలుపెడతావు.

మ్యూనిక్_నుంచి:
ఇంకో ముక్క. మీటరు ఎక్కువ చూపించడం లోపం కాదు, కావాలని చేసిందే. యూరప్‌లో పాటించే ఐక్యరాజ్యసమితి 39వ నిబంధన ప్రకారం మీటరు అసలు వేగం కంటే ఒక్క కిలోమీటరు కూడా తక్కువ చూపకూడదు. ఎక్కువ మాత్రం పదో వంతు, దానిపైన ఇంకో 4 దాకా చూపొచ్చు. అసలు 80 పోతుంటే 92 వరకూ అనుమతే. టైరు కొత్తదైతే చుట్టుకొలత ఎక్కువ, అరిగితే తక్కువ. గాలి, బరువు కూడా కాస్త మారుస్తాయి. ఆ తేడాలన్నీ ఇముడుతాయనే కంపెనీ ఆ జాగా వదులుతుంది. మీరు ఆ జాగా మొత్తం మింగేశారు. రేపు కాస్త ఎత్తైన టైరు వేస్తే మీ మీటరు తక్కువ చూపించడం మొదలెడుతుంది. హైవే మీద బైకులకి 80 దాటకూడదు కదా, మీటరు 79 అంటోందని స్పీడ్ గన్‌తో వాదించలేరు.

గాడ్జెట్_గోపి:
ఇంత గొడవెందుకు బ్రో? స్పీడోహీలర్ అని ఓ చిన్న డబ్బా దొరుకుతుంది. సెన్సర్‌కీ మీటర్‌కీ మధ్య వైర్లో పెడితే, నీకు కావలసిన శాతం పల్స్ పెంచుతుంది, తగ్గిస్తుంది. స్ప్రాకెట్ ముట్టుకోకుండానే స్పీడు కరెక్ట్ అయిపోతుంది.

కేబుల్_బాబాయ్:
మంచి వస్తువే. కానీ అదీ ఆ ఒక్క పల్స్‌నే మారుస్తుంది గోపీ. స్పీడుకోసం తగ్గిస్తే కిలోమీటర్లూ తగ్గుతాయి, 15 పళ్ళ కథే మళ్ళీ. దానికి సరైన వాడకం ఒకటుంది. గేరింగ్ కోసం స్ప్రాకెట్ మార్చినవాడు, ఆ మార్పు ఎంతో అంతే వెనక్కి కలుపుకోవడానికి. 14కి బదులు 15 వేస్తే పల్స్‌కి 7.1 శాతం కలపాలి. ఓడోమీటర్ సరవుతుంది, ముల్లు ఎప్పట్లాగే కాస్త ముందుంటుంది. ఉండనీ.

పాడేరు_పోరగాడు:
మీటరు సంగతి సరే, బండి సంగతో? 15 వేస్తే అదే స్పీడుకి ఇంజిన్ తిరుగుడు తగ్గుతుంది, 7,000 దగ్గర అరిచేది 6,500కి దిగుతుంది. హైవే మీద హాయి. మా ఘాట్ ఎక్కించి చూడండి మరి. వెనక మనిషి, బ్యాగులు ఉంటే మూడో గేర్లో లాగే మలుపుకి రెండో గేరు అడుగుతుంది. ఇంకోటి, చైన్ పాతదే ఉంచారా? ముందు పన్ను ఒకటి పెరిగితే వెనక చక్రం ఓ నాలుగు మిల్లీమీటర్లు ముందుకొస్తుంది. అడ్జస్ట్ చేసి, బిగుతు చూశారా లేదా?

పదిహేను_పళ్ళు:
చైన్ మెకానిక్ చూశాడు, బానే ఉంది.

నిన్న విజయవాడ వెళ్తూ బాబాయ్ గారి మాట తేల్చేద్దామని ట్రిప్ సున్నా చేసి, కిలోమీటర్ రాళ్ళు లెక్కపెట్టా. 20 రాళ్ళు దాటేసరికి ట్రిప్ మీటరులో 18.7. మాస్టారి లెక్కా సరిపోయింది, బాబాయ్ గారిదీ సరిపోయింది. ముల్లు సరిచేయడానికి స్ప్రాకెట్ మార్చడం తెలివైన పని కాదని ఒప్పుకుంటున్నా. కానీ 15 తియ్యను. చిల్లకల్లు దాకా చేతులు తిమ్మిరెక్కకుండా వెళ్ళడం ఇదే మొదటిసారి. గోపీ, ఆ డబ్బా ఎక్కడ దొరుకుతుందో మెసేజ్ పెట్టు. 7.1 కలుపుతా.

పాడేరు_పోరగాడు:
పాత 14 పళ్ళది పారెయ్యలేదు కదా?

పదిహేను_పళ్ళు:
లేదు. టూల్ కిట్‌లోనే ఉంది. అరకు ప్లాన్ ఉంది మరి.