రైస్ మిల్లు కరెంటు బిల్లు పెరుగుతోంది, డాష్‌బోర్డ్ కొనాలా వద్దా?

ప్రశ్న (నరసన్నపేట దగ్గర రైస్ మిల్లు)

సభ్యులందరికీ నమస్కారం. మాది హెచ్‌టీ (హై టెన్షన్) సర్వీసు. ఈ సీజన్‌లో ఆడించిన ధాన్యం పోయినేడు కన్నా పెద్దగా పెరగలేదు, కరెంటు బిల్లు మాత్రం బాగా పెరిగింది. ఒక కంపెనీ వాళ్లు వచ్చి ప్రతి మోటారుకీ మీటరు పెడతాం, అన్నీ ఫోన్లోనే డాష్‌బోర్డ్‌లో చూసుకోవచ్చు అంటున్నారు. ఏటేటా చందా కట్టాలట. నాకు తీసుకోవాలనే ఉంది, నాన్నగారు వద్దంటున్నారు. ఇంట్లో రోజూ ఇదే గొడవ. నిజంగా పనికొస్తుందా?

జవాబు (విజయనగరం, ఎనర్జీ ఆడిట్ పని)

తమ్ముడూ, కొనే సంగతి తర్వాత చూద్దాం. ముందు రోజూ ఒకే టైముకి మెయిన్ మీటరు రీడింగ్ రాయించు. పక్కన ఆ రోజు ఆడిన ధాన్యం టన్నుల్లో, ఇంకో గడిలో రకం, తేమ. మిల్లు ఆడని రోజు రీడింగ్ కూడా వదలొద్దు, అసలు ఆ రోజులే ముఖ్యం.

నెల గడిచాక ఎక్సెల్‌లో అడ్డంగా టన్నులు, నిలువుగా యూనిట్లు పెట్టి చుక్కలు వేసి, ట్రెండ్‌లైన్ గీయించు. గీతతో పాటు సమీకరణం కూడా ఇస్తుంది. ఉదాహరణకి, యూనిట్లు = 32 × టన్నులు + 400 అని వచ్చిందనుకో. 32 అంటే టన్ను ధాన్యానికి మిషన్లు తినేది. 400 అంటే ఒక్క గింజ ఆడకపోయినా రోజూ పోయేది.

చాలామంది టన్నుకి ఎన్ని యూనిట్లు అనే ఒక్క అంకె చూసి పొరబడేది ఇక్కడే. ఈ లెక్కన 10 టన్నులు ఆడిన రోజు టన్నుకి 72 పడుతుంది, 40 టన్నులు ఆడిన రోజు 42. మిషన్లు అవే, మనుషులూ వాళ్లే. తక్కువ ఆడిన రోజు సూపర్‌వైజర్ మీద అరిస్తే ఏం లాభం? ముందు పట్టుకోవాల్సింది ఆ 400ని.

చుక్కలు గీతకి బాగా దూరంగా చెదిరిపోయి ఉంటే రకాలవారీగా విడగొట్టు. శ్రీకాకుళం సన్నాలకీ లావు రకాలకీ పాలిషర్ మీద పడే లోడు ఒకటి కాదు. వానకి తడిసిన ధాన్యం వచ్చిన రోజుల్ని కూడా వేరే రంగులో పెట్టు. అన్నీ ఒకే గంపలో వేస్తే ఏమీ తేలదు.

ఇక నేను అన్నిటికన్నా ఎక్కువగా నమ్మే పద్ధతి చెబుతాను. ఆ సమీకరణం ప్రకారం ప్రతిరోజూ ఎన్ని యూనిట్లు కావాలో లెక్కేసి, నిజంగా అయినవాటిలోంచి తీసెయ్. వచ్చిన తేడాని నిన్నటి మొత్తానికి కలుపుకుంటూ పో. దీన్నే క్యూసమ్ అంటారు. అంతా మామూలుగా ఉంటే ఆ మొత్తం సున్నా చుట్టూనే తిరుగుతుంది. ఒక తేదీ నుంచి ఆగకుండా పైకి పోతోందంటే ఆ తేదీన ఏదో జరిగింది. మిల్లు లాగ్‌బుక్ తీసి చూడు: బెల్టు మార్చారా, షెల్లర్ (పొట్టు తీసే మిషను) రబ్బరు రోల్స్ అరిగాయా, పాలిషర్ జల్లెడ కొత్తది వేశారా, మోటారు రివైండింగ్ నుంచి వచ్చిందా. నెల బిల్లు చూస్తే పెరిగిందని మాత్రమే తెలుస్తుంది, ఇందులో ఏ రోజు నుంచి పెరిగిందో తెలుస్తుంది. మెకానిక్‌కి కావాల్సింది అదే కదా.

ప్రశ్నించినవారు

అన్నగారూ, చాలా థాంక్స్. పాత రీడింగులు కొన్ని ఉంటే వేసి చూశాను. మిల్లు ఆడని రోజుల్లో కూడా యూనిట్లు బాగానే ఉన్నాయి. వాచ్‌మన్‌ని అడిగితే సార్టెక్స్‌కి (రంగు మారిన గింజల్ని ఏరే మిషను) గాలి ఇచ్చే కంప్రెసర్ రాత్రంతా ఆన్‌లోనే ఉంటుందన్నాడు. సార్టెక్స్ ఆపేశాక అది లోడు తీసుకోదు కదా, అయినా ఖర్చవుతుందా?

జవాబు (విజయనగరం, ఎనర్జీ ఆడిట్ పని)

అవుతుంది. స్క్రూ కంప్రెసర్ అన్‌లోడ్‌లో, అంటే గాలి నింపకుండా ఊరికే తిరిగినా ఫుల్ లోడులో పావు వంతుకి తక్కువ కాకుండా లాగుతుంది. పైగా లైన్లో లీకులుంటే మధ్యమధ్యలో మళ్లీ లోడు ఎత్తుకుంటుంది. ఈ రాత్రే ఒక పరీక్ష చెయ్. గాలి వాడే మిషన్లన్నీ ఆపి, కంప్రెసర్ ఒక్కటే నడిపించు. లోడులో ఎంతసేపు ఉంది, అన్‌లోడ్‌లో ఎంతసేపు ఉంది, ఫోన్లో స్టాప్‌వాచ్ పెట్టి కొన్ని సార్లు రాయి. లోడు 2 నిమిషాలు, అన్‌లోడ్ 6 నిమిషాలు వస్తే, 8కి 2 చొప్పున కంప్రెసర్ ఇచ్చే గాలిలో 25 శాతం లీకుల్లోనే పోతోందన్నమాట. చక్కగా చూసుకునే చోట ఇది 10 శాతం లోపే ఉంటుంది. సబ్బు నీళ్లు పట్టుకుని పైపు జాయింట్లన్నీ చూడండి, డ్రెయిన్ వాల్వులు మర్చిపోకండి. ప్రెషర్ కూడా సార్టెక్స్‌కి కావాల్సినంతే పెట్టించు. ఒక బార్ తగ్గితే కంప్రెసర్ కరెంటు సుమారు 6, 7 శాతం తగ్గుతుంది.

బొబ్బిలి నుంచి ఒక సభ్యుడు

మా ఎలక్ట్రీషియన్ మోటార్లన్నీ ఒకేసారి స్టార్ట్ చేస్తే ఎండీ (మాగ్జిమమ్ డిమాండ్, నెలలో ఒకేసారి లాగిన అత్యధిక లోడు) పెరిగి బిల్లు పేలుతుందంటాడు. అందుకని ఒక్కోటీ గ్యాప్ ఇచ్చి వేస్తున్నాం. ఇది కూడా చెప్పండి సార్.

జవాబు (విజయనగరం, ఎనర్జీ ఆడిట్ పని)

గ్యాప్ ఇవ్వడం ట్రాన్స్‌ఫార్మర్‌కీ స్టార్టర్లకీ మంచిదే, మానకండి. కానీ స్టార్టింగ్ కరెంటు ఉండేది కొన్ని సెకన్లే. మీటరు ఎండీ లెక్కేసేది పావుగంటో అరగంటో సగటు మీద. కాబట్టి ఎండీ పెరిగేది స్టార్టింగ్ వల్ల కాదు, డ్రయ్యర్ బ్లోయరూ మిల్లూ ఒకే టైములో గంటల తరబడి నడవడం వల్ల. బిల్లు మీటర్లోనే లోడ్ సర్వే (ఏ టైముకి ఎంత లోడు ఉందో దాచే రికార్డు) ఉంటుంది, రీడింగ్‌కి వచ్చే ఇంజనీరు గారిని ఆ డేటా అడగండి. నెలలో ఏ రోజు ఏ టైములో ఎండీ కొట్టిందో అందులో దొరుకుతుంది. ఆ టైముకి ఏమేం నడిచాయో చూసి, ఒకదాన్ని జరపండి. అయితే కాంట్రాక్ట్ డిమాండ్‌లో (కరెంటు కంపెనీతో ఒప్పందంలో రాసుకున్న లోడు) 80 శాతం కన్నా కిందికి దించినా డిమాండ్ చార్జీ తగ్గదు. ఏడాది పొడవునా దాని కిందే ఉంటే కాంట్రాక్ట్ డిమాండ్ తగ్గించుకోవడం గురించి ఆలోచించాలి.

విజయనగరం, ఆసుపత్రి మెయింటెనెన్స్

మాకు టన్నులు లేవు కదా సార్, ఏసీలే ఎక్కువ. మేమేం చెయ్యాలి?

జవాబు (విజయనగరం, ఎనర్జీ ఆడిట్ పని)

టన్నుల బదులు ఆ రోజు సగటు ఉష్ణోగ్రత పెట్టండి, మిగతాదంతా ఒకటే. చల్లటి రోజుల్లో కూడా గీత కిందికి దిగకపోతే అది ఏసీల తప్పు కాదు, ఇంకేదో నడుస్తోంది. ఓపీ, ఆఫీసు గదుల్లో ఏసీ 24 మీద పెట్టండి. ఒక్క డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం ఆదా అని కేంద్ర ప్రభుత్వ ఇంధన పొదుపు సంస్థ బీఈఈ చెబుతోంది. ఆపరేషన్ థియేటర్, ఐసీయూల జోలికి మాత్రం వెళ్లొద్దు, అక్కడ డాక్టర్లు చెప్పిందే లెక్క.

ప్రశ్నించినవారు

అన్నగారూ, చివరిగా ఒక్కటి. మీటర్లు అసలు పెట్టాలా?

జవాబు (విజయనగరం, ఎనర్జీ ఆడిట్ పని)

పెట్టు, కానీ ప్రతి మోటారుకీ అక్కర్లేదు. కంప్రెసర్, పాలిషర్లు, పెద్ద బ్లోయరు, డ్రయ్యర్ చాలు. ఎలివేటర్లన్నిటికీ కలిపి ఒకటి. బ్లోయరు డ్యాంపరు (గాలిని ఆపే తలుపు) ఎప్పుడూ సగం మూసే ఉంటే వీఎఫ్‌డీ (మోటారు స్పీడు మార్చే పరికరం) గురించి అడుగు. ఫ్యాను స్పీడు 20 శాతం తగ్గితే కరెంటు ఇంచుమించు సగానికి పడిపోతుంది. మరీ తగ్గిస్తే ఊక పైపులో అడ్డుపడుతుంది, కొంచెం కొంచెంగా దించి చూడాలి.

కంపెనీ వాళ్లతో రెండు విషయాలు రాతపూర్వకంగా తీసుకో. చందా ఆపేసినా పాత డేటా ఎక్సెల్‌లో దింపుకునే వీలుండాలి. మీటర్లు పెట్టిన రోజే సీటీ (కరెంటుని మీటరు కొలవగలిగేంతకి తగ్గించే ట్రాన్స్‌ఫార్మర్) రేషియో సరిగ్గా సెట్ చేశారో లేదో నీ ఎదుటే చూపించాలి. రేషియో తప్పితే అంకెలు అందంగానే కనిపిస్తాయి, అన్నీ తప్పే అవుతాయి. ఒక రోజంతా సబ్ మీటర్ల యూనిట్లు కూడి మెయిన్‌తో సరిచూడు. మెయిన్‌ని దాటితే డబ్బు ఇవ్వకుండా ఆపు.