లోయర్ బెర్త్ అడిగితే ఇవ్వననడం తప్పు కాదా?

గూడెం_కుర్రాడు
పోయిన వారం అమ్మని తీసుకుని తాడేపల్లిగూడెం నుంచి తిరుపతి వెళ్లాను. అమ్మకి 67. మోకాళ్లు రెండూ అరిగిపోయాయి, బెల్టు లేకుండా నాలుగడుగులు వేయలేదు. స్లీపర్‌లో మా ఇద్దరికీ ఎదురెదురు అప్పర్ బెర్తులు వచ్చాయి. లోయర్‌లో పాతికేళ్ల అమ్మాయి ఉంది. "మా అమ్మకి మీ బెర్త్ ఇస్తారా, ఎక్కలేదండి" అని మర్యాదగానే అడిగాను. "సారీ అండి, కుదరదు" అని ఇయర్‌ఫోన్లు పెట్టుకుని అటు తిరిగి పడుకుంది.

అమ్మ ఎక్కడం చూసి ఉంటే తెలిసేది. ఒక చేత్తో గొలుసు, ఇంకో చేత్తో కుచ్చిళ్లు పట్టుకుని మొదటి ఇనప మెట్టు మీద కాలు పెట్టి అక్కడే ఆగిపోయింది. రెండో కాలు లేవదు. నేను కింద నుంచి పాదం పట్టుకుని ఎత్తాను. రాత్రి బాత్‌రూమ్‌కి దిగాల్సి వస్తుందని మధ్యాహ్నం నుంచి మంచినీళ్లే తాగలేదు. ఆ అమ్మాయిది తప్పు కాదా? మీరే చెప్పండి.

కాఫీ_రాజమండ్రి
ముమ్మాటికీ తప్పే. మా నాన్నకీ ఇలాగే జరిగింది.

నెలకోసారి_విశాఖ
తప్పు కాదు. నేను ప్రతి నెలా సికింద్రాబాద్ నుంచి విశాఖ వెళ్తాను. 60 రోజుల ముందు బుకింగ్ తెరిచే రోజున పొద్దున 8 గంటలకల్లా ఫోన్ పట్టుకుని కూర్చుంటాను, లోయర్ కోసం. రెండేళ్ల కిందట నడుముకి ఆపరేషన్ అయింది. పైకి చూస్తే ఏమీ తెలియదు. ఎక్కిన ప్రతిసారీ ఎవరో ఒకరు వచ్చి "చిన్నదానివి కదమ్మా, పైకెక్కు" అంటారు. నా ఆపరేషన్ కథ ప్రతిసారీ బోగీలో అందరికీ చెప్పుకోవాలా? ఆ అమ్మాయికి ఏం బాధ ఉందో మీకు తెలుసా?

ఇంకో మాట. మీ వరసలో లోయర్ బెర్తులు ఎదురెదురుగా రెండు ఉంటాయి. రెండోది ఎవరిది?

పాత_టీసీ
గూడెం గారూ, టికెట్ ఎలా తీశారు? ఇద్దరికీ కలిపా?

గూడెం_కుర్రాడు
కలిపే. జనరల్ కోటాలో.

పాత_టీసీ
దెబ్బ అక్కడే పడింది. సీనియర్ సిటిజన్ లోయర్ బెర్త్ కోటా అని వేరే ఉంది. 60 దాటిన మగవాళ్లకి, 45 దాటిన ఆడవాళ్లకి. అయితే ఆ మనిషి ఒక్కరే ప్రయాణం చేయాలి, లేదా అర్హత ఉన్నవాళ్లు ఇద్దరు ఒకే టికెట్ మీద ఉండాలి. పక్కన మీ పేరు చేర్చగానే ఆ కోటా పోయింది. స్లీపర్ బోగీకి ఆరేడు బెర్తులు దానికే ఉంచుతారు. ఇక రైలు కదిలాక లోయర్ ఏదైనా ఖాళీ ఉంటే పెద్దవాళ్లకి, గర్భిణులకి ఇచ్చే అధికారం టీసీకి ఉంది. అడిగారా?

గూడెం_కుర్రాడు
అడిగాను, ఖాళీ లేదన్నారు. మీరు చెప్పిన కోటాలో తీస్తే అమ్మ ఒక బోగీలో, నేను ఇంకో బోగీలో పడొచ్చు కదా? షుగర్ ఉన్న మనిషి. రాత్రి కళ్లు తిరిగితే ఎవరు చూస్తారు? పెద్దవాళ్లకి బెర్త్ ఇస్తాం, కొడుకు మాత్రం పక్కన ఉండకూడదు అంటే ఎలా?

ఓరుగల్లు_63
నాకు 63. నేనెవరినీ అడగను. అసలు సంగతి వేరే ఉంది. 2020 మార్చి దాకా టికెట్ మీద మగవాళ్లకి 40 శాతం, ఆడవాళ్లకి 50 శాతం రాయితీ ఉండేది. అది తీసేశారు, మళ్లీ ఇవ్వలేదు. దాని గురించి మాట్లాడండి. పూర్తి డబ్బులు కట్టి బెర్త్ కోసం బతిమాలుకోవాలా మేము?

కాఫీ_రాజమండ్రి
రాయితీ వేరు, బెర్త్ వేరు సార్.

ఓరుగల్లు_63
వేరు కాదు. రెండూ ముసలివాళ్ల మీద ఉన్న గౌరవమే.

నెలకోసారి_విశాఖ
నా ప్రశ్నకి జవాబు రాలేదు. రెండో లోయర్ ఎవరిది?

గూడెం_కుర్రాడు
ఎవరిదైతే ఏంటండీ? నేను అడిగింది ఆ అమ్మాయిని, కాదంది ఆ అమ్మాయి. మీకు ఇంట్లో అమ్మ లేదా? ఆవిడ ఇలా మెట్టు మీద వేలాడుతుంటే మీరు పాటలు వింటూ పడుకుంటారా?

నెలకోసారి_విశాఖ
మా అమ్మని ఇందులోకి లాగొద్దు. నేను ఎప్పుడూ ఇవ్వలేదనుకుంటున్నారా? ఆపరేషన్‌కి ముందు ఒకాయన "మా ఆవిడకి బాలేదు" అంటే ఇచ్చాను. ఆయన చూపించిన అప్పర్ వేరే బోగీలో ఉంది, తలుపు పక్కన. కింద ఐదుగురు పేకాట ఆడుతున్నారు. ఒకడు నా చెప్పులు కాలితో తోసి "పైకెక్కమ్మా, మేం చూసుకుంటాం" అన్నాడు. తెల్లారేదాకా బ్యాగు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. అనకాపల్లి దాటాక గాని ఊపిరి ఆడలేదు. తిరిగి నా బెర్త్ దగ్గరికి వెళ్లి అడుగుదామంటే వాళ్లు దుప్పటి కప్పుకుని నిద్రపోతున్నారు. ఒంటరి ఆడపిల్ల బెర్త్ మారడం అంటే మెట్టెక్కడం ఒక్కటే కాదండీ.

మూడోసారి అడుగుతున్నాను. రెండో లోయర్‌లో ఎవరున్నారు?

గూడెం_కుర్రాడు
నలభై ఏళ్లాయన. ల్యాప్‌టాప్ పెట్టుకుని ఏదో పని చేసుకుంటున్నాడు.

నెలకోసారి_విశాఖ
ఆయన్ని అడిగారా?

గూడెం_కుర్రాడు
లేదు.

కాఫీ_రాజమండ్రి
ఎందుకు అడగలేదు బాబూ?

గూడెం_కుర్రాడు
కాదంటాడేమో, మాటకి మాట పెరుగుతుందేమో అనిపించింది. అమ్మాయి అయితే సరే అంటుందనుకున్నాను.

నెలకోసారి_విశాఖ
నేను మొదటి నుంచీ గొడవ పడుతున్నది ఇందుకే. ఆమె ఇవ్వలేదన్నది మీ కోపం కాదు, సరే అనాల్సిన మనిషి కాదంది అన్నది మీ కోపం. మా దగ్గరికి మీరు అడగడానికి రారు, సర్దుకుంటాం అన్న నమ్మకంతో వస్తారు. ల్యాప్‌టాప్ ఆయన హాయిగా పడుకున్నాడు, ఇక్కడ ఆయన్ని ఒక్కరైనా ఒక్క మాట అన్నారా?

కాఫీ_రాజమండ్రి
మోకాళ్ల గురించి మొదలై ఆడా మగా దగ్గరికి వచ్చింది. పెద్దావిడ నొప్పి ఎటు పోయింది?

పాత_టీసీ
సర్వీసులో ఉండగా నేనూ పెద్దవాళ్ల కోసం ముందు కుర్రవాళ్లనే అడిగేవాణ్ణి, అందులోనూ ఆడపిల్లల్ని. మా వాళ్లందరూ అలాగే చేసేవారు. దీని గురించి ఆలోచించాలి.

గూడెం_కుర్రాడు
నిన్న రాత్రి జవాబు రాయలేకపోయాను. నిజం చెప్తాను. అమ్మ ఉగాది నుంచి తిరుపతి అంటోంది. నేను రేపు, ఎల్లుండి అంటూ వారం ముందు తీశాను. వెయిటింగ్ లిస్టులో పడి ఆఖరి నిమిషంలో కన్‌ఫర్మ్ అయింది. అలా వచ్చినప్పుడు ఏ బెర్త్ పడితే అదే. రైల్లో ఆ అమ్మాయి మీద నాకు అంత కోపం రాలేదు. తిరుపతిలో దిగి, ప్లాట్‌ఫారం బెంచీ మీద కూర్చుని మోకాలి బెల్టు బిగించుకుంటూ అమ్మ "ఈసారి బస్సులో వెళ్దాంరా" అంది. నన్ను ఒక్క మాట అనలేదు. కోపం అప్పుడొచ్చింది. ఎవరి మీద తీర్చుకోవాలో తెలియలేదు.

వచ్చే నెల కళ్లు చూపించడానికి హైదరాబాద్ వెళ్లాలి. పాత టీసీ గారు చెప్పినట్టు అమ్మకి విడిగా ఆ కోటాలో తీశాను. లోయర్ వచ్చింది, ఎస్3. నాది ఎస్7. రాత్రంతా ఎలా చూసుకోవాలో అర్థం కావట్లేదు.

పాత_టీసీ
స్లీపర్ బోగీల మధ్య దారి ఉంటుంది, నడిచి వెళ్లొచ్చు. ఎక్కగానే ఎస్3 టీసీకి విషయం చెప్పి మీ బెర్త్ నంబరు ఇవ్వండి. అమ్మగారి పైన అప్పర్‌లో ఎవరైనా ఒంటరిగా ఉంటే మీ బెర్త్‌తో మార్చుకుంటారేమో అడగండి. అప్పర్‌కి అప్పర్ అంటే చాలామంది ఒప్పుకుంటారు.

నెలకోసారి_విశాఖ
మగవాళ్లని అడగండి. ఆవిడ మందుల చీటీ ఒకటి ఆవిడ పర్సులోనే పెట్టండి. మీ మొదటి పోస్టులో మాత్రం ఆ అమ్మాయిది తప్పని ఇంకా అలాగే ఉంది. దాన్ని మార్చండి.

గూడెం_కుర్రాడు
చీటీ పెడతాను. ఆ మాట మాత్రం మార్చను. బెర్త్ ఇవ్వకపోవడం ఆమె ఇష్టం, అది ఒప్పుకుంటున్నాను. మా అమ్మ వైపు ఒక్కసారి కూడా చూడకుండా అటు తిరగడం తప్పే.